ఎనిడ్ మణికట్టు

ముప్పై మూడో పేజీ మీద
ఎవరిదో నల్లటి బొటనవేలి ముద్ర.
హెడ్డు నట్లు ఎంత బిగించాలో చెప్పే అంకె
సరిగ్గా దాని కిందే పడింది.
పద్దెనిమిది కావచ్చు, ఇరవై ఎనిమిది కావచ్చు.
దీపానికి ఎత్తి చూశాను,
పెట్రోలులో ముంచిన దూది అద్దాను,
మా అమ్మాయి స్కూలు భూతద్దం కూడా తెచ్చాను.
ఆ వేలు మాత్రం లేవలేదు.

వుల్వర్‌హాంప్టన్‌లో మందుల కొట్టు నాది.
అర మిల్లీగ్రాముకి రెండు సంతకాలు పెట్టే చెయ్యి.
పది అడుగు-పౌండ్ల తేడాని
ఊరికే ఎట్లా మింగుతుంది?

అయినా ఒక ఆదివారం తెగించాను.
ఇరవై ఎనిమిదే అనుకుని పానా లాగాను.
ఇరవై నాలుగు దగ్గర
ఏదో మెత్తగా ఒప్పుకున్నట్టు అయింది చేతికింద.
స్టడ్డుతో పాటు
వెండి కారప్పూసలా మర మొత్తం ఊడి వచ్చింది.

తెగేదాకా లాగకూడదన్న మాట
ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను.
తెగే చోటు ఎక్కడుంటుందో
ఒక్కరూ చెప్పలేదు.

కొత్త మర వేయించుకోవడానికి వెళితే
లేతు ముందు కూర్చున్న గ్రెన్‌విల్ అన్నాడు:
"బిల్‌స్టన్‌లో ఎనిడ్ టిమ్మిన్స్ ఇంకా ఉంది.
ఆ ఫ్యాక్టరీలో హెడ్లు బిగించిన పిల్ల."

ఆ పిల్లకి ఎనభై ఆరేళ్ళు.
మేనల్లుడి వ్యానులో దిగింది,
కాళ్ళకి ఇంటి చెప్పులే,
కోటు జేబులో పిప్పరమెంట్లు.
ఇంజనుని చూడలేదు ముందు. వాసన చూసింది.

"నంబరా? నంబర్లు ఆఫీసు వాళ్ళకమ్మడూ.
మాకు ఇచ్చింది తొమ్మిదంగుళాల పానా.
అంతకన్నా పొడుగుది ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.
మగాళ్ళని ఆ బెంచీ దగ్గరికే రానిచ్చేవాళ్ళు కాదు,
ఉడుంపట్టు పట్టి తెంపేస్తారని."

మరల మీద చుక్క నూనె రాయించింది.
పొడిమర అబద్ధం చెబుతుందట,
బిగిసిందని నమ్మిస్తుందట.
ముందు ఇది, తరువాత దీనికి ఎదురుది,
పక్కపక్కవి ఎప్పుడూ వద్దు.
ఒక్క గుక్కలో తాగినట్టు కాదు,
మూడు విడతల్లో.

ముల్లున్న టార్క్ పానా చేతికిచ్చాను.
కళ్ళు మూసుకుని లాగింది.
పదకొండు దగ్గర ముల్లు నిలిచిపోయింది.
ఎనిడ్ కళ్ళు తెరిచి తన చేతినే చూసుకుంది,
చాలాకాలం తరువాత రైలు దిగిన మనిషిని
ఆనవాలు పట్టాలని చూసినట్టు.
నేను కేటిల్ పెట్టే వంకతో లోపలికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి
పిప్పరమెంటు చప్పరిస్తూ రెడీగా ఉంది.
"నీ చెయ్యి నా చేతిమీద వెయ్యి.
నువ్వు లాగు. నేను ఆపుతాను."

బలం నాది.
ఆగడం ఆవిడది.
ఆ మణికట్టులో సన్నటి ఎముక ఒకటి
నా అరచేతికింద ఎదురు తిరిగింది,
"ఆఁ, చాలు" అని నోరు అనకముందే.
ముల్లు ఇరవై ఒకటి మీద ఉంది.
బొటనవేలి కింద ఇమడడానికి వీల్లేని అంకె.

మిగతా ఏడు నట్లూ అట్లాగే బిగించాం.
ఒక్కటీ ఇరవైకి తగ్గలేదు, ఇరవై రెండు దాటలేదు.
పట్టూ విడుపూ అంటారే,
ఆ రెండిటికీ మధ్య
వెంట్రుక మందం చోటు ఒకటుందని
నలభై ఏడేళ్ళకి నాకు తెలిసింది,
గ్రీజు గోళ్ళతో,
బయట వాన పడుతుండగా.

నాలుగో కిక్కుకి బండి పలికింది.
వందమైళ్ళు తిరిగాక, ఇంజను చల్లారనిచ్చి
మళ్ళీ ఒకసారి సరిచూడమంది ఎనిడ్.
ఇనుము కూడా కుదురుకోవడానికి టైమడుగుతుందట.

నల్లటి వేలిముద్ర పక్కన
పెన్సిలుతో 21 అని రాశాను.
కింద 'ఎ.టి.' అని.

వెనక ఎడమ మూల
ఇప్పటికీ కాస్త నూనె చెమరుస్తుంది.
ఫోన్ చేసి చెప్పాను.
"కొత్తవీ చెమర్చేవి," అని నవ్వింది,
"మేం తుడిచి పంపేవాళ్ళం."